తూలుతానని కూర్చుండిపోయిన తమ్ముడికి

తమ్ముడూ,

పెరటి గడప దాటుతూ తూలావట, అప్పట్నుంచీ పొద్దుటి నడక మానేసి పడక్కుర్చీ వదలడం లేదట. మరదలు ఫోన్‌లో చెప్పింది. గోడ ఆసరా దొరికింది, దెబ్బ తగల్లేదు, సంతోషం. నడక మానేయడమే నాకు నచ్చలేదు. ఫిజియోథెరపీ విభాగంలో పనిచేసినన్నాళ్లూ చూసిందే ఇది. పడతామేమోనని కూర్చుంటారు, తొడల్లో కండ కరుగుతుంది, ఆ తర్వాత నిజంగానే పడతారు.

మనం నిటారుగా నిలబడాలంటే మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్లు, లోపలి చెవి, అరికాళ్లూ కీళ్లూ. వయసు మీద పడేకొద్దీ మూడూ మందగిస్తాయి. నీకు షుగర్ వల్ల అరికాళ్లలో తిమ్మిర్లున్నాయి కదా, కింద నేల ఎలా ఉందో పాదానికి సరిగ్గా తెలియడం లేదన్నమాట. ఆ లోటు కళ్లు పూడుస్తున్నాయి. అందుకే పగలు బాగానే తిరుగుతావు, చీకట్లోనో, కళ్లు మూసుకుని మొహం కడుక్కునేటప్పుడో తూలుతావు. ఆ కళ్లకేమో శుక్లం ముదిరేదాకా ఆగుతున్నావు! పండగ వెళ్లాక, చలి తగ్గాక అంటూ వాయిదా వేయకు.

ముందు డాక్టర్ని కలువు. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడమను. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే, లేవగానే కళ్లు బైర్లు కమ్మడానికి అదే కారణం కావచ్చు. వాడే మాత్రలన్నీ సంచీలో వేసుకెళ్లు, షాపులో అడిగి తెచ్చుకునే ఆ నిద్రమాత్రతో సహా. నీ అంతట నువ్వు మాత్రం ఏదీ ఆపకు. షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు, పైగా మనం మాంసం తినం, ఆ పరీక్ష కూడా రాయించుకో.

పక్క మీద ఒకవైపుకి ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగితే, ఆ కథ వేరు. చాలాసార్లు అది లోపలి చెవిలోని సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పడం. తెలిసిన డాక్టరు తలని ఒక వరసలో తిప్పి వాటిని దారిలో పెడతారు, చాలామందికి ఒకటి రెండుసార్లలోనే తగ్గిపోతుంది. దానికి నెలల తరబడి కళ్లుతిరుగుడు మాత్రలు మింగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉన్నట్టుండి తూలుతూ మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యీ కాలూ స్వాధీనం తప్పినా మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. మరదలికి కూడా చెప్పి ఉంచు.

ఇక అసలు పని. వంటింటి గట్టు పట్టుకుని నిలబడు, వెనక కుర్చీ ఉండాలి, మరదలు దగ్గర ఉండాలి. రెండు పాదాలూ జోడించి 10 సెకన్లు నిలబడు. అది కుదిరితే ఒక పాదాన్ని సగం ముందుకి జరుపు. ఆ తర్వాత ముందు పాదం మడమకి వెనక పాదం బొటనవేలు ఆనేలా పెట్టు. ఆఖర్న ఒంటికాలు. మూడోదానిలో 10 సెకన్లు నిలవలేకపోతే పడే ప్రమాదం ఎక్కువని లెక్క. ఎక్కడ ఊగుతావో అక్కడే రోజూ సాధన చేయాలి. మొదట రెండు చేతులూ గట్టు మీద, తర్వాత ఒక చెయ్యి, తర్వాత వేళ్ల కొసలు. ఊగకుండా నిలబడగలిగిన భంగిమలో ఎంతసేపున్నా ఒరిగేది తక్కువ. కాస్త ఊగాలి, సర్దుకోవాలి, మెదడు నేర్చుకునేది అప్పుడే. నడక ఒక్కటే చాలదనేది ఇందుకే.

కాళ్ల బలానికి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడాన్ని మించింది నాకు తెలియదు. మడమలు లేపి మునివేళ్ల మీద నిలబడటం, గట్టు వెంబడి పక్కకి నడవడం కూడా కలుపు. ఈ వయసులో ఇవేం పనిచేస్తాయంటావేమో. న్యూజిలాండ్‌లో ఒటాగో పేరుతో ఇలాంటి వ్యాయామాలే 80 దాటిన ఆడవాళ్ల చేత ఇళ్లలో చేయించి చూశారు. ఆ తర్వాత చేసిన పరీక్షలు కూడా కలిపి చూస్తే, పడటం దాదాపు మూడో వంతు తగ్గింది. వాళ్లు వారానికి మూడు రోజులు చేసేవాళ్లు.

బాత్రూమ్‌లో తువ్వాలు కడ్డీ పట్టుకుని లేవకు, అది మనిషి బరువుకి ఊడి వస్తుంది. గోడలోకి గట్టిగా బిగించిన స్టీలు పట్టుకడ్డీ పెట్టించు. అరిగిన హవాయి చెప్పులు పారేయ్. ప్రోగ్రెసివ్ కళ్లద్దాల (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం) కింది భాగంలోంచి మెట్లు మసగ్గా కనిపిస్తాయి, తల బాగా వంచి చూస్తూ రెయిలింగు పట్టుకుని దిగు. రాత్రి మెలకువొస్తే మంచం అంచున కాసేపు కూర్చుని, లైటు వేసి, అప్పుడు లే. చేతికర్ర నామోషీ అనుకోకు, కానీ దుకాణంలో దొరికింది దొరికినట్టు కొనకు. చెయ్యి వేలాడేసి నిలబడితే పిడి మణికట్టు ఎత్తుకి రావాలి.

కంటి ఆపరేషన్‌కి తేదీ తీసుకోగానే ఫోన్ చెయ్యి. ఆ వారం నేనొచ్చి మీ ఇంట్లో ఉంటాను.

ఆశీస్సులతో,
అక్క