ఫారో దీవులకు మూడు రోజులు చాలవు, తమ్ముడూ

వయసులో చిన్నవాడివి కాబట్టి చనువుగా నువ్వు అంటున్నాను. కోపెన్‌హాగెన్ వచ్చి అయిదు నెలలైంది, జూలైలో భార్యతో ఫారో దీవులు (ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ కింద ఉన్న దీవులు) మూడు రోజుల్లో చూసి రావచ్చా అని అడిగావు. విమానం ఖర్చు రాశావు, హోటల్ ఖర్చు రాశావు. వానకూ పొగమంచుకూ ఎంత తీసిపెట్టావో రాయలేదు. 2019లో నేనూ సరిగ్గా ఇదే లెక్క వేసుకుని వెళ్ళాను.

అప్పట్లో ప్రతి డేనిష్ క్రోనునూ పదితో గుణించి రూపాయల్లో చూసుకునేవాణ్ణి. కారు అద్దె దండగనిపించి బస్సుల్లో తిరిగాను. మొదటి రోజు ట్రెలానీపా. సముద్రం నుంచి 142 మీటర్లు నిలువునా లేచిన కొండ అది. పక్కనే ఆ దీవుల్లోకెల్లా పెద్ద చెరువు. కొండ అంచు నుంచి చూస్తే చెరువు సముద్రం మీద గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది, నిజానికి సముద్రానికి ముప్ఫై మీటర్ల పైన ఉంటుందంతే. (ఒక పక్క ఊరివాళ్ళు దాన్ని సోర్వాగ్స్‌వాట్న్ అంటారు, రెండో పక్కవాళ్ళు లైటిస్‌వాట్న్ అంటారు. చెరువు పేరు మీద పంతం మన ఊళ్ళలోనే కాదన్నమాట.)

నడకదారి మొదట్లోనే 200 క్రోనర్లు కట్టించుకున్నారు. రెండు వేల రూపాయలు! కొండ మీదికి చేరేసరికి పొగమంచు కమ్మేసి, నా బూట్లు తప్ప మరేమీ కనిపించలేదు. అడుగున ఎక్కడో అలలు బండలకు కొట్టుకుంటున్న చప్పుడు. అంచు ఎటువైపుందో తెలియక ఒక రాతి మీద ముప్పావు గంట కూర్చుని, బస్సు వేళైందని లేచి వచ్చేశాను. రాజధాని టోర్స్‌హావ్న్ చేరిన గంటకే ఆకాశం విచ్చుకుంది. అక్కడ జూలైలో రాత్రి పది దాటినా వెలుతురుంటుంది. కారు ఉంటే ఆ కొండ మీదే ఆగి చూసేవాణ్ణి.

మర్నాడు పఫిన్ పక్షుల కోసం పడమటి కొసన ఉన్న దీవికి వెళ్ళాలి. రాతలో మికినేస్, అక్కడివాళ్ళ పలుకులో మీచినేస్. అలలు పెద్దవిగా ఉన్నాయని పడవ రద్దు చేశారు. మూడో రోజు పొద్దున్నే నా విమానం, అదీ మార్చుకోవడానికి వీల్లేని టికెట్టు. రెండు రాత్రుల హోటల్ మిగుల్చుకుందామనుకున్నందుకు 2022లో మొత్తం ప్రయాణం మళ్ళీ కొనుక్కున్నాను, ఈసారి నలుగురికి.

ఈసారి కారు తీసుకుని అయిదు రోజులున్నాం. పడవ రెండుసార్లు రద్దయినా కంగారు పడలేదు, నాలుగో రోజు వెళ్ళాం. సోర్వాగుర్ రేవు దాటగానే పడవ అయిదు రంపపు పళ్ళలాంటి శిఖరాలున్న టిండ్‌హోల్ముర్ అనే చిన్న దీవి పక్కనుంచి పోతుంది. పఫిన్లు గడ్డి కింద బొరియల్లో ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడతాయి, ఆగస్టు చివరికి సముద్రం మీదికి వెళ్ళిపోతాయి. ఒకటి మాకు నాలుగడుగుల దూరంలో వాలింది. ఎర్రటి ముక్కుకు అడ్డంగా ఏడెనిమిది సన్నటి చేపలు, వెండి తీగల్లా రెండు పక్కలా వేలాడుతున్నాయి. మా అమ్మాయి వైపు ఒకసారి తల తిప్పి చూసి బొరియలోకి దూరింది. ఆ రోజు నేను దేన్నీ పదితో గుణించలేదు.

డబ్బు ఖర్చు కానిదీ ఒకటి చూశాం. గాసదాలుర్‌లో ములాఫోసుర్ జలపాతం కొండ అంచు నుంచి నేరుగా సముద్రంలోకి దూకుతుంది. 2004లో సొరంగం తవ్వేదాకా నేల మీద ఆ ఊరికి కొండ ఎక్కి దిగడమే దారి. మమ్మల్ని అక్కడ ఒక్క క్రోను అడగలేదు. మిగిలిన డబ్బంతా సముద్రం కింది సొరంగాల టోలుకు పోతుంది. సముద్రం అడుగునే రౌండబౌట్ (వాహనాలు చుట్టూ తిరిగే గుండ్రటి కూడలి) ఉన్నది కూడా అందులో ఒకటి. కారు తీసుకునేటప్పుడే ఆ టోలు బిల్లులో ఎలా పడుతుందో అడుగు, నేను అడగక తర్వాత బాధపడ్డాను.

వీసా సంగతి అధికారిక సైట్లో చూసుకో. ఆ దీవులు షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో) లేవు, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే దాని మీద ఫారో దీవుల ప్రస్తావన విడిగా ఉండాలి. గొడుగు కొనకు, ఆ గాలికి అయిదు నిమిషాలు నిలవదు, మంచి రెయిన్ జాకెట్ కోపెన్‌హాగెన్‌లోనే కొనుక్కో. మొదటి రోజుకు పులిహోర కట్టుకెళ్ళు, అక్కడ హోటల్ భోజనం చాలా ఖరీదు.

అయిదు రోజులు పెట్టుకో, మీచినేస్ పడవకు మాత్రం దిగిన మర్నాటికే సీటు తీసుకో. రద్దయితే ఇంకా మూడు రోజులు చేతిలో ఉంటాయి.