కన్నదెంత, విన్నదెంత?

ప్రశ్న: 1641లో ఐర్లండ్‌లో జరిగిన తిరుగుబాటు గురించి చదువుతున్నాను. క్యాథలిక్కులు తమను దోచుకున్నారని, చంపారని ప్రొటెస్టెంట్లు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలాలు వేలల్లో ఉన్నాయట. అవి అక్షరాలా నిజమని కొందరు, ఒట్టి ప్రచారమని కొందరు రాస్తున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: ఆ కాగితాలు ఎందుకు రాయించారో తెలిస్తే సగం చిక్కు విడిపోతుందండీ. 1641 అక్టోబరు 22న ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో క్యాథలిక్ ఐరిష్ దొర సర్ ఫెలిమ్ ఓనీల్ చార్ల్‌మాంట్ కోటను పట్టుకోవడంతో తిరుగుబాటు మొదలైంది, కొద్ది వారాల్లోనే ఇళ్లూ పొలాలూ వదిలేసిన ప్రొటెస్టెంట్ కుటుంబాలు డబ్లిన్‌కి వచ్చిపడ్డాయి. డిసెంబరు 23న డబ్లిన్‌లోని ఇంగ్లిషు ప్రభుత్వం హెన్రీ జోన్స్ పెద్దగా ఎనిమిదిమంది ప్రొటెస్టెంట్ మతగురువులతో ఒక కమిషన్ వేసింది. వాళ్లకి మొదట అప్పగించింది హత్యల లెక్క కాదు. ఎవరి సొత్తు ఎంత పోయింది, ఎవరు దోచుకున్నారు, దోచుకుంటూ ఏమన్నారు, అవి రాసుకోమన్నారు. చంపినవాళ్ల సంగతి కూడా అడగమని ఇంకో ఉత్తర్వు వచ్చింది 1642 జనవరి 18న.

కాబట్టి ఇవి ముందుగా నష్టపోయినవాళ్ల లెక్కలు. పేరు, ఊరు, వృత్తి, ఆ తర్వాత ఆవులు, గుర్రాలు, ధాన్యం, గడ్డి, ఇంటి సామాను, భూమి మీద కౌలు హక్కు, రావాల్సిన బాకీలు, వాటికి పౌండ్లలో విలువ, చివర్లో సంతకం రానివాళ్లయితే నిశానీ. పరిహారం వస్తుందన్న ఆశతో విలువ కాస్త పెంచి చెప్పినవాళ్లు ఉండే ఉంటారు, కానీ ఇంట్లో ఏముండేదో, దాన్ని పట్టుకుపోయింది ఎవరో ఆ ఇంటివాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? దోచినవాళ్లని చాలాచోట్ల పేరూ ఊరూ చెప్పి మరీ రాయించారు. వచ్చింది ముక్కూమొహం తెలియని సైన్యం కాదు, నిన్నటిదాకా పలకరించుకున్న పొరుగువాళ్లు. నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇదే.

బట్టల సంగతి కూడా అలాంటిదే. అన్నీ పోగొట్టుకున్నవాళ్లని కట్టుబట్టలతో మిగిలారంటాం, వీళ్లకి ఆ కట్టుబట్టలూ మిగల్లేదు. చలికాలంలో ఒంటిమీదవి ఊడదీసి తరిమేశారని ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక కౌంటీ తర్వాత ఇంకో కౌంటీ నుంచి చెబుతూనే వచ్చారు. ఆ దారిలో చలికి, ఆకలికి, జబ్బులకి పోయినవాళ్లు చాలామంది. ఇన్నిచోట్ల నుంచి ఇంతమంది ఒకే మాట చెబితే కల్పన అని కొట్టిపారేయడం అన్యాయం.

ఇక విన్నవి వేరు. టైనన్ ఊరి మతగురువు రాబర్ట్ మాక్స్‌వెల్ తన వాంగ్మూలంలో 1,54,000 మందిని చంపారని చెప్పాడు. ఆయన లెక్కపెట్టి చెప్పింది కాదు, తిరుగుబాటుదార్లే అలా చెప్పుకున్నారని విన్నది. అల్‌స్టర్‌కి వలస వచ్చిన జనం మొత్తం కలిపినా అంతమంది లేరు. మొదటి నెలల్లో నేరుగా చంపబడ్డవాళ్లు నాలుగు వేల చుట్టుపక్కల అని ఈనాటి చరిత్రకారుల్లో చాలామంది అంచనా. అదీ ఘోరమే, దాన్ని పెంచి చెప్పాల్సిన పనే లేదు.

కన్నదీ విన్నదీ విడదీయలేనంతగా కలిసిపోయిన వాంగ్మూలం ఎలిజబెత్ ప్రైస్‌ది. 1641 నవంబరులో పోర్టడౌన్ వంతెన దగ్గర సుమారు వంద మందిని బాన్ నదిలోకి తోసి చంపారు, ఆమె ఐదుగురు పిల్లలు వాళ్లలో ఉన్నారు. తర్వాత ఆ నది దగ్గరికి వెళ్తే నడుము దాకా నీళ్లలో నిలబడి పగ, పగ అని అరుస్తున్న ఆడమనిషి రూపం కనిపించిందని ఆమె ప్రమాణం చేసి చెప్పింది. దెయ్యం కథ చెప్పింది కాబట్టి మొత్తం అబద్ధమని తీసిపారేసినవాళ్లున్నారు. ఐదుగురు బిడ్డల్ని ఒకే నీళ్లలో పోగొట్టుకున్న తల్లికి ఆ ఒడ్డున ఏం కనిపించి ఉంటుందో నేను వాదించలేను, బిడ్డలు పోయారన్నది మాత్రం ఆ రూపం మీద ఆధారపడిన విషయం కాదు.

ప్రచారం అన్నవాళ్లకీ కారణం ఉంది. డబ్లిన్ ప్రభుత్వంలో పనిచేసిన సర్ జాన్ టెంపుల్ 1646లో అచ్చువేసిన పుస్తకంలో ఈ వాంగ్మూలాల్లోంచి అతి భయంకరమైనవి ఏరి పెట్టి, చచ్చినవాళ్ల లెక్కని మూడు లక్షలు దాటించాడు. 1649లో ఐర్లండ్‌లోని ద్రోహెడా ఊళ్లో జనాన్ని ఊచకోత కోసిన ఇంగ్లిషు సేనాని క్రామ్‌వెల్ అది అమాయకుల రక్తానికి దేవుడు వేసిన శిక్ష అన్నాడు. కానీ ఆ ఊరు 1641-42లో తిరుగుబాటుదార్ల పక్షాన లేదు, వాళ్ల ముట్టడిని తట్టుకుని నిలబడ్డ ఊరు!

ప్రశ్న: పొరుగువాళ్లే ఎందుకు దోచారు? కేవలం మతద్వేషమేనా?

జవాబు: మతం ఒక్కటే కారణమైతే అప్పిచ్చినవాళ్ల దగ్గరున్న బాకీ పత్రాలు ఎందుకు పోయేవి? 1609 నుంచి అల్‌స్టర్‌లో ఐరిష్ వాళ్ల భూములు తీసుకుని ఇంగ్లండ్, స్కాట్లండ్ వాళ్లకి పంచారు. ఉన్న కాస్త భూమినీ తాకట్టు పెట్టి బతికిన ఐరిష్ దొరలు చాలామంది, ఫెలిమ్ ఓనీల్ కూడా అప్పుల్లోనే ఉన్నాడు. వాంగ్మూలాల్లో ‘నాకు బాకీ ఉన్నవాళ్లే తిరుగుబాటులో ఉన్నారు’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఎవరి భూమి పోయింది, ఎవరికి దక్కింది అన్నది మతాన్ని బట్టే నడిచింది కాబట్టి కోపం కూడా ఆ గీత వెంటే వెళ్లింది.

అయితే ఆ గీత దాటినవాళ్లూ ఉన్నారు. కావన్ కౌంటీలో ప్రొటెస్టెంట్ బిషప్ విలియం బెడెల్ 1642 ఫిబ్రవరిలో చనిపోతే తిరుగుబాటుదార్లే తుపాకులు పేల్చి గౌరవంగా సాగనంపారు. అటువైపు చూస్తే, 1642 జనవరిలో ఐలండ్‌మగీలో చంపబడ్డవాళ్లు క్యాథలిక్కులు. వాళ్ల తరఫున ప్రమాణం చేయించి రాసుకోవడానికి ఆ ఏడాది ఏ కమిషనూ రాలేదు, 1653లో గానీ విచారణ జరగలేదు. ఈ సంపుటాలు చదివేటప్పుడు నాకు ఆ ఖాళీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ప్రశ్న: ఈ వాంగ్మూలాలు మామూలు పాఠకులు చూడొచ్చా?

జవాబు: చూడొచ్చు. 1741 నుంచి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్నాయి, 31 సంపుటాలు, దాదాపు ఎనిమిది వేల పత్రాలు, 19 వేల పేజీలు. 2010 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం. పాత ఇంగ్లిషు స్పెల్లింగులు చూసి టెన్షన్ పడకండి, రెండు మూడు చదివితే అలవాటవుతుంది. కొన్ని భాగాలు గీత గీసి కొట్టేసి ఉంటాయి. అవి అబద్ధమని తేలి కొట్టేసినవని పూర్వం కొందరు అనుకున్నారు, నిజానికి అచ్చు కోసం కుదించినప్పుడు వదిలేసిన భాగాలు ఎక్కువ. కాబట్టి వాటినీ చదవండి, పోయిన ఆవుల లెక్కా కౌలు వివరాలూ తరచుగా దొరికేది ఆ గీతల కిందే.