అన్నయ్యని చూసి ఎన్నాళ్లయింది?

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 39 ఏళ్లు. మావారిది బ్యాంకు ఉద్యోగం. ఒక్కతే పాప, ఎనిమిదో తరగతి. చాలాకాలంగా గాజా పిల్లల వీడియోలు చూస్తున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక మొదలుపెడితే ఒంటిగంట దాటిపోతుంది. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. మొన్న పాప పుట్టినరోజుకి ఫ్రెండ్స్‌ని పిలుస్తానంటే, "అక్కడ పిల్లలు పిడికెడు తిండి లేక చస్తుంటే నీకు కేకు కావాలా?" అన్నాను. అప్పటినుంచి అది చాక్లెట్ కూడా నాకు కనపడకుండా తింటోంది. మావారేమో "నీకేమైనా పిచ్చా, మనం బాగానే ఉన్నాం కదా" అంటారు. మా పుట్టిల్లు కవిటి దగ్గర. అన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు, ఆ టెన్షన్ ఒకటి. వెళ్లి చూసి ఏడాది దాటింది, వాడు ఫోన్ చేసినా "మళ్లీ మాట్లాడతా" అని పెట్టేస్తున్నాను. ఇంత అన్యాయం జరుగుతుంటే మామూలుగా తిని, నవ్వి ఎలా బతకాలి? తప్పు నాదేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఇక్కడ బాగా కుదించి వేశాం. అసలు ఉత్తరంలో గాజా గురించి రెండు పేజీలుంది. అన్నయ్య గురించి రెండు వాక్యాలు. ఆ రెండింటి దగ్గరే నేను ఆగిపోయాను.

ముందుగా ఒక మాట. ఎక్కడో ఉన్న పిల్లల కోసం మీకు గొంతు పట్టేయడం పిచ్చి కాదు. మీవారు ఆ మాట అనకుండా ఉండాల్సింది. అయితే ఆయన కోపంలో సగం భయమేమో చూడండి. పక్కన పడుకున్న మనిషి అర్ధరాత్రి ఫోను వెలుగులో ఏడుస్తుంటే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు.

ఇక ఫోను సంగతి. ఒక వీడియో మీరు చివరిదాకా చూస్తే అలాంటివే ఇంకో పది తెచ్చి ముందు పెడుతుంది. మీరు ఏడ్చారా లేదా దానికి తెలియదు, ఎంతసేపు ఆగి చూశారన్నదే లెక్క. కాబట్టి రాత్రి తొమ్మిదికి దాన్ని వంటింట్లో ఛార్జింగ్ పెట్టేసి రండి. వార్తలు పొద్దున్న పేపర్లో చదవండి. అక్కడి పిల్లలకి ఏమైనా పంపగలిగితే యునిసెఫ్ లాంటి సంస్థకి నెలకింత అని పంపండి, ఆ సంగతి పాపకీ చెప్పండి. ఇన్ని చేసినా రెండు వారాల్లో నిద్ర దారికి రాకపోతే మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. ఖర్చేమీ లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నవ్వొచ్చా అని అడిగారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి వారం మేం నలుగురం బియ్యం, కొవ్వొత్తులు పట్టుకుని వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాం. కొబ్బరితోటలు, జీడితోటలు కళ్లముందు పడుకుని ఉన్నాయి. కొబ్బరిమొక్క మళ్లీ పెట్టినా కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. మేం మొహాలు వేలాడేసుకుని ఒక ఇంటి ముందు ఆగాం. వాకిట్లో పడిపోయిన చెట్టు మొద్దు మీద ఒక ముసలమ్మ కూర్చుని మనవరాలికి జడ వేస్తోంది. "తిన్నగా కూకో, పాయ ఒంకరొస్తంది" అని దాని నెత్తిన మొట్టింది. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. మమ్మల్ని చూసి ముసలమ్మ, "ఏటమ్మా అలగ నిలబడిపోనారు, కూకోండి" అంది. కొవ్వొత్తులు ఇవ్వడానికి వెళ్లినవాళ్లం ఆవిడ ఇచ్చిన టీ తాగి వచ్చాం. ఆ ఇంట్లో నవ్వొచ్చో లేదో అని ఎవరూ అడగలేదు. అలాంటప్పుడు మీ పాప మాత్రం చాక్లెట్ ఎందుకు దాచుకోవాలి? దానికి క్షమాపణ చెప్పాలి మీరు. పెద్ద మాటలొద్దు. "ఆరోజు నేను అలా అనకూడదు" అని, వచ్చే శనివారం దాని ఫ్రెండ్స్‌ని పిలవండి.

ఇప్పుడు అన్నయ్య సంగతికి వస్తాను. కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఏళ్ల తరబడి వెతుకుతున్నా ఇదీ కారణం అని ఇంకా గట్టిగా తేలలేదు. అదీ అన్యాయమే, మీ పుట్టింటి గుమ్మంలోదే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. మంచిదే. కానీ మీ అన్నయ్య మాత్రం వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆ మిషను పక్కన పడుకోవాల్సిందే. ఆయన ఫోన్ చేస్తే "మళ్లీ మాట్లాడతా" అని మీరు పెట్టేస్తున్నారని రాశారు. ఎందుకో నాకు అర్థమవుతుంది. గాజా పిల్లాడు మిమ్మల్ని ఏమీ అడగడు. అన్నయ్య అడుగుతాడు: "ఎప్పుడొస్తావు?" ఆ ప్రశ్నకి జడిసి మీరు అంత దూరం వెళ్లి ఏడుస్తున్నారని నా అనుమానం. తప్పయితే మన్నించండి.

వెళ్లండి. డయాలసిస్ అయిన రోజు మనిషి నీరసంతో పడి ఉంటాడు, మర్నాడు వెళ్తే నాలుగు మాటలు మాట్లాడతాడు. చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపే ఆపరేషన్, చేసి ఉంటే అక్కడ నరం ఉబ్బి ఉంటుంది, వేలు ఆనిస్తే లోపల జుమ్మని అదురుతుంది. పాపకి ముందే చెప్పి తీసుకెళ్లండి, చూసి బెదిరిపోకుండా. ఆ చేత్తో ఆయన బరువులెత్తకూడదు, ఆ చేతికి బీపీ కట్టకూడదు. దారిలో కనపడ్డాయి కదా అని కొబ్బరిబొండాలు, అరటిపళ్లు కొనకండి. పొటాషియం ఎక్కువని అలాంటివాళ్లకి సాధారణంగా వద్దంటారు. కొబ్బరితోటల మధ్య పుట్టి బొండం నీళ్లు తాగలేని మనిషి ఎదురుగా మనం గటగటా తాగడం కూడా బాగోదు. మంచినీళ్లకీ కొలతే. రోజుకి ఎన్ని తాగొచ్చో ఆయన డాక్టరు చెప్పే ఉంటారు, చాలామందికి అది లీటరు అటూ ఇటూ. ఎండలో తిరిగొచ్చి చెంబెడు నీళ్లు ఎత్తేసే మనకి అదేమిటో ఒక్క రోజు కొలుచుకు తాగితే తెలుస్తుంది.

ఏం మాట్లాడాలి అంటారా? జబ్బు గురించి ఆయనే ఎత్తితే వినండి. లేదంటే చిన్నప్పుడు జీడిపిక్కలు కాల్చుకుని మూతులు పొక్కించుకున్న సంగతులు మీకు లేవా ఏమిటి?

వదిన మాత్రం మొదట ఒక మాట అంటుంది. "ఏటమ్మా, ఇన్నాళ్లకి తోవ తెలిసిందా?" అనొచ్చు. అననివ్వండి. ఏడాదిగా కూరముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఉప్పు తగ్గించి విడిగా వండుతున్నది ఆవిడే. జవాబు చెప్పకుండా కత్తిపీట ముందు కూర్చుని, ముక్క ఎంత సైజులో తరగాలో అడగండి.