ప్రభుత్వ హైస్కూళ్లకు ఇచ్చిన కంప్యూటర్లు కొన్నేళ్లకే ఎందుకు మూలపడతాయి?

డబ్బు వచ్చే తీరే ప్రధాన కారణం: కొనడానికి నిధులు ఒక్కసారే వస్తాయి, నడపడానికి ఇచ్చేవి ఐదేళ్లతో ఆగిపోతాయి.

బడుల్లో కంప్యూటర్ చదువు కోసం కేంద్రం 2004లో తెచ్చిన ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) పథకం 2018 నుంచి బడి విద్యకు కేంద్రం నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో భాగం. ఇందులో ల్యాబ్ ఏర్పాటుకు బడికి గరిష్ఠంగా రూ.6.40 లక్షలు, ఆపై ఐదేళ్లపాటు ఏటా రూ.2.40 లక్షల వరకు ఇస్తారు. ఇన్‌స్ట్రక్టర్ జీతం, కరెంటు బిల్లు, ఇంటర్నెట్ అన్నీ ఈ రెండో పద్దులోవే. ఆరో ఏట రాష్ట్రం సొంతంగా ఇవ్వకపోతే ముందు ఇన్‌స్ట్రక్టర్ పోతారు, తర్వాత గదికి తాళం పడుతుంది.

కరెంటు పోయినా కంప్యూటర్లను బ్యాటరీతో కాసేపు నడిపే యూపీఎస్‌నే చూడండి. పది డెస్క్‌టాప్‌లు, ఒక్కోటి మానిటర్‌తో కలిపి 150 వాట్లనుకుంటే, 1,500 వాట్లు లాగుతాయి. ఆ భారం మోసే లెడ్ యాసిడ్ బ్యాటరీలు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లకు నీరసిస్తాయి. వేసవి సెలవుల్లో ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే ఇంకా ముందే. కొత్త సెట్‌కు డబ్బుండదు. అప్పటినుంచి కరెంటు పోయిన ప్రతిసారీ సిస్టమ్‌లు ఉన్నపళంగా ఆగిపోతాయి, అలా ఆగీ ఆగీ హార్డ్‌డిస్కులు, విండోస్ ఫైళ్లు పాడవుతాయి.

పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయన్నది అపోహ. ఆ భయంతో ల్యాబ్ మూసి ఉంచడమే అసలు నష్టం: మూసిన గదిలో తేమ, దుమ్ము చేరతాయి, ఎలుకలు కేబుళ్లు కొరుకుతాయి, వారంటీ గడువు వాడకుండానే గడిచిపోతుంది.