ముందు ఇసుకను చూసుకో, చుక్కలు ఎటూ పోవు

బర్కత్‌పుర, హైదరాబాద్

చిరంజీవి కార్తీక్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

ఎడారిలో పాలపుంత ఫొటోల కోసం నువ్వు పంపిన సామాన్ల లిస్టు చదివాను. రెండు లెన్సులు, చుక్కల వెంట కెమెరాను తిప్పే స్టార్ ట్రాకర్, డ్రోన్, ఆ పైన కొత్త బ్యాగు. బాగానే ఉంది గానీ అందులో క్యాలెండర్ లేదు బిడ్డా. డిసెంబరు సెలవుల్లో జైసల్మేర్ పోతానంటున్నావు. అప్పుడు చలి హాయిగా ఉంటుంది, టూరిస్టులు దండిగా ఉంటారు, నువ్వు ఎవరి కోసం పోతున్నావో ఆ పాలపుంత నడిబొడ్డు మాత్రం ఉండదు. అది ధనుర్మాసం. సూర్యుడు ధనూరాశిలో ఉంటాడు, పాలపుంత కేంద్రం ఉన్నదీ ఆ వైపే. పొద్దున సూర్యుడితో లేచి సాయంత్రం సూర్యుడితో దిగిపోయేదాన్ని రాత్రిపూట ఎట్లా ఫొటో తీస్తావు? డిసెంబరులో మృగశిర, కృత్తికలు, లుబ్ధకుడు మంచిగా దొరుకుతాయి, కాదనను. కానీ నువ్వు అడిగింది అది కాదు.

మీ అమ్మ వంటగదిలో వేలాడే తెలుగు క్యాలెండర్ తీసి రెండు అమావాస్యలు చూడు. ఒకటి శివరాత్రిని అంటుకుని వచ్చేది, రెండోది ఉగాదికి ముందు వచ్చేది. ఎడారి ఇంకా కాలదు, పాలపుంత అప్పుడప్పుడే తెల్లవారుజామున పైకి వస్తుంటుంది, ఈ రెండూ కలిసే రోజులు అవే. మార్చి మొదట్లో పోతే జైసల్మేర్‌లో ఆ కేంద్రం 3 గంటల ప్రాంతంలో ఆగ్నేయంలో లేస్తుంది. 5.45 దాకా చీకటి చిక్కగా ఉంటుంది. నెలాఖరుకు ఒంటిగంట దాటగానే లేస్తుంది. టైములు చూసుకునేటప్పుడు ఆకాశం చూపించే స్టెల్లేరియం యాప్‌లో ఊరు మార్చుకో, హైదరాబాద్ టైములతో పోతే గంట దాకా తేడా వస్తుంది. ఏప్రిల్ దాటాక వద్దు. మే, జూన్ నెలల్లో దుమ్ము తుపాన్లు లేస్తాయి, నేలకు దగ్గరగా ఉన్న చుక్కలు ఇసుక రంగు పొరలో కలిసిపోతాయి.

ఇప్పుడు అసలు మాట. పాలపుంత కోసమే అయితే రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. మన దగ్గర ఆ కేంద్రం దక్షిణాన దాదాపు 43 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది, జైసల్మేర్‌లో 34 దాటదు. మనమే దానికి దగ్గర. వికారాబాద్ దాటి ఏ చేను గట్టు మీదో కూర్చున్నా తీయొచ్చు. సిటీలో కుదరదు, ఆ సంగతి నీకూ తెలుసు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ బేగంపేటకు మారాక, అక్కణ్నుంచే గాజు పలకల మీద ఫొటోలు తీసి లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు. ఇవాళ బేగంపేట ఫ్లైఓవర్ మీద నిలబడితే చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి ఎడారికి ఎందుకు పోవాలంటే, అక్కడ పాలపుంత కింద ఉంటుంది కాబట్టే. నేలకు దగ్గరగా, వాలుగా, దిబ్బ శిఖరం మీద ఆనుకున్నట్టు ఉంటుంది. వైడ్ లెన్సులో దిబ్బ, పాలపుంత రెండూ ఒకదానికొకటి అందుతాయి. అందుకే నీ శ్రమలో ముప్పాతిక వంతు ఇసుక మీద పెట్టు. ఆకాశం ఆ రాత్రి అక్కడున్న వాళ్లందరికీ ఒకటే. దిబ్బ నువ్వు వెతుక్కోవాల్సిందే.

సామ్ వద్దు, ఖురీకి పో. సామ్ దిబ్బలు జైసల్మేర్‌కు పడమర, ఊరి వెలుగు నీకు తూర్పున పడుతుంది, పాలపుంత లేచే దిక్కుకు బాగా దగ్గర. పైగా డేరాలు, జీపులు, పాటలు. ఖురీ జైసల్మేర్‌కు నైరుతిలో ఉంటుంది, కాబట్టి ఊరి వెలుగు ఈశాన్యంలో పడి నీ ఆగ్నేయం శుభ్రంగా ఉంటుంది. గాలిమరల ఎర్ర దీపాలు మాత్రం ఎటు నుంచైనా మిణుకుమంటాయి. మొదటి రాత్రి కెమెరా తీయకుండా చుట్టూ చూసి ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకో.

సాయంత్రం 4 గంటలకల్లా దిబ్బల దగ్గర ఉండు. గాలి వచ్చే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా ఉంటుంది, అలల్లాంటి గీతలు ఆ వైపే. అవతలి వైపు నిటారుగా, వదులుగా ఉంటుంది, అడుగేస్తే జారుతుంది. ఈ రెండు కలిసే అంచు ఆగ్నేయం వైపు పోయే దిబ్బ ఒక్కటి చూసుకో, చాలు. ఆ దిబ్బ చుట్టూ వెనక నుంచే తిరుగు. ఏటవాలు వెలుగులో అడుగుజాడలు ఎద్దులు తొక్కిన పొలంలా కనిపిస్తాయి, తర్వాత కంప్యూటర్లో చెరపడం నీ వల్ల కాదు. కెమెరాను మోకాలి ఎత్తులో పెట్టు. అప్పుడే అంచు ఆకాశంలోకి లేస్తుంది. నిలబడి తీస్తే దిబ్బలన్నీ చదునైపోతాయి.

ఇసుకలో ట్రైపాడ్ పెట్టే పద్ధతి ఒకటుంది. అందరూ పైభాగాలు లాగుతారు. నువ్వు అన్నిటికంటే కిందున్న సన్నటి భాగాన్ని పూర్తిగా లాగు, దాని లాకు ఇసుకకు జానెడు పైన ఉండాలి. మూడు కాళ్లూ వెడల్పుగా చాచి, తల మీద చెయ్యేసి ఒక్కసారి గట్టిగా అదుము. కరకరమంటూ కొంత దిగి ఆగుతుంది. అప్పుడు లెవెల్ సరిచెయ్యి. రెండు నిమిషాలాగి మళ్లీ చూడు, ఒక కాలు ఇంకాస్త దిగి ఉంటుంది. నడిమి కడ్డీ, అదే సెంటర్ కాలమ్, జోలికి పోకు. గాలి ఉంటే బ్యాగు కింద తగిలించు, కానీ అడుగు నేలకు తాకాలి, లేకపోతే ఊగి కెమెరానే ఊపుతుంది. ట్రాకర్ కూడా వద్దు, ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ధ్రువ నక్షత్రానికి గురిపెట్టి బిగించాక కాలు ఒక పిసరు దిగినా ఆ గురి పోతుంది. డ్రోన్ అయితే చర్చే లేదు, అది సరిహద్దు జిల్లా, ఇంట్లో వదిలెయ్.

ఫోకస్ వెలుగులో ఎప్పుడూ పెట్టకు, లెన్సు మీది అనంతం గుర్తును నమ్మకు. ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కను పది రెట్లు పెద్దది చేసి చూడు. మొదట మసకగా బొట్టుబిళ్లంత కనిపిస్తుంది. రింగును వెంట్రుకవాసి తిప్పుతుంటే చిక్కి చిక్కి సూది మొనంత అవుతుంది, చుట్టూ సన్నటి ఊదా అంచు తేలి మాయమవుతుంది. ఆ మాయమైన చోట ఆపి రింగుకు టేపు వెయ్యి. తెల్లవారుజామున చలి పెరిగాక మళ్లీ ఒకసారి సరిచూసుకో.

సెట్టింగుల గురించి నువ్వు రెండు పేజీలు రాశావు, దానికి ఇంత చాలు. నీ కెమెరాలోని చిన్న సెన్సర్, అదే క్రాప్ సెన్సర్, మీద 16 ఎంఎం లెన్సు అంటే 24 ఎంఎంతో సమానం. 500ని 24తో భాగిస్తే దాదాపు 20 సెకన్లు, అంతకు మించి షట్టర్ తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. పాత లెక్క అది, ఇప్పటి సెన్సర్లకు కాస్త ఎక్కువే, 15 సెకన్లు పెట్టు. ఎఫ్ 2.8, ఐఎస్‌వో 3200, రా ఫార్మాట్, వైట్ బ్యాలెన్స్ 4000 దగ్గర. ఒకే ఫ్రేము కదలకుండా 16 సార్లు తీసి తర్వాత కలిపితే నాయిస్, అంటే ఫొటోలో కనిపించే గరుకుదనం, నాలుగో వంతుకు పడిపోతుంది. తెర వెలుతురు కనిష్ఠానికి తగ్గించు. చీకట్లో తెర మీద ఏ ఫొటో అయినా వెలిగిపోయినట్టు కనిపిస్తుంది, వెలుగునీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ చూస్తేనే నిజం తెలుస్తుంది.

ఈ లెక్కతో ఆకాశం వస్తుంది, ఇసుక మాత్రం నల్లటి ముద్దగా మిగులుతుంది. చాలామంది ఇక్కడ టార్చి కొడతారు. నాకు నచ్చదు, దిబ్బ పెళ్లి స్టేజీలా తయారవుతుంది. ఆకాశం అయిపోయాక ట్రైపాడ్ కదపకుండా కూర్చో. తెలవారుతుండగా, ఇంకా నీలం వెలుగే ఉన్నప్పుడు, అదే ఫ్రేములో ఐఎస్‌వో తగ్గించి, ఎఫ్ 8కి మూసి, నేల కోసం నాలుగైదు తీసుకో. ఇసుక మీది గీత గీత వస్తుంది. రెండిటినీ ఇంటికొచ్చాక కలుపుకో. అదే చోట, అదే ఉదయం తీసినవి కాబట్టి మోసమని నేననుకోను. వేరే ఊరి ఆకాశం తెచ్చి అతికిస్తే మాత్రం నాకు చూపించకు.

వెన్నెల అస్సలు వద్దనుకోకు. ఉగాది పచ్చడి తినే బయలుదేరితే తదియ, చవితి నాటికి అక్కడుంటావు. సన్నటి చంద్రుడు పడమటి నుంచి రెండు మూడు గంటలు వెలుగిచ్చి దిగిపోతాడు. ఆ సేపు కెమెరాను ఉత్తరానికి తిప్పు. ఎడమ నుంచి పడే వెలుగులో దిబ్బల మడతలు తేలుతాయి. ధ్రువ నక్షత్రం మనకు 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అక్కడ 27. చుక్కలు గీసే వలయాలు అక్కడ నిండుగా వస్తాయి. 30 సెకన్ల ఫ్రేములు వరసగా 120 తీస్తే గంట, 15 డిగ్రీల గీతలు. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే సెట్టింగు ఆపెయ్, లేకపోతే ఫ్రేముల మధ్య ఖాళీ వచ్చి గీతలు తెగిపోతాయి.

ఎడారిలో లెన్సు మార్చొద్దు. రెండోది ఇంట్లో పెట్టేసి ఆ బరువుకు బ్యాటరీలు తీసుకుపో, చలికి తొందరగా దిగిపోతాయి, జేబులో ఒంటికి ఆనించి ఉంచుకో. లెన్సు గాజు మీద ఇసుక పడితే గుడ్డతో తుడవకు, బ్లోయర్‌తో ఊదు.

షూ లేకుండా అడుగు వెయ్యొద్దు. చిన్నపింజర పాము ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది, ఇసుకలో ఇసుకలా ఉంటుంది. బ్యాగు నేల మీద తెరిచి వదలకు, చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడు. ఖురీలో బస చేసిన ఇంటి మనిషిని వెంట తీసుకుపో, డబ్బులిచ్చి. డెజర్ట్ నేషనల్ పార్కు పక్కనే, కంచెలు దాటకు. మన కర్నూలు వైపు రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్టకు ఇప్పుడు మిగిలిన పెద్ద దిక్కు ఆ నేలే.

పోయే ముందు ఒక అమావాస్యకు వికారాబాద్ వైపు పోయి, లైటు వెయ్యకుండా కెమెరా బిగించి, ఫోకస్ పెట్టి, 16 ఫ్రేములు తీసుకురా. ఆ ఫైళ్లు వాట్సాప్‌లో పంపకు, చుక్కలన్నీ చెరిగిపోతాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆదివారం ఇంటికి రా, భోజనానికి ముందే చూద్దాం. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ