బ్లీచింగూ ఆసిడూ ఒక్కచోట వద్దు బిడ్డా

బిడ్డా,

హన్మకొండలో దిగిన అద్దె ఇల్లు కడగడానికి ఏమేం కొనాలో రాసి పంపిన లిస్టు చూశాను. ఫినాయిలు, ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్, అద్దాలకొకటి, స్టవ్వుకొకటి, టైల్స్‌కొకటి... సగానికి పైగా కొట్టేశాను. పాకే పిల్లాడున్న ఇల్లు. నేలకు ఏది రాస్తే అది వాడి చేతికి, అక్కణ్నుంచి నోటికి పోతుంది.

మిగతావన్నీ మరిచినా ఫర్వాలేదు గానీ ఇది మరవకు. బ్లీచింగూ ఆసిడూ కలవకూడదు. చాలామంది బాత్రూంలో ముందు బ్లీచింగ్ చల్లుతారు, మరక పోలేదని దాని మీదే ఆసిడ్ పోస్తారు. అప్పుడు లేచేది క్లోరిన్ గ్యాస్. చిన్న బాత్రూంలో తలుపేసుకుని ఆ పని చేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. రంగు డబ్బాల్లో వచ్చే టాయిలెట్ క్లీనర్లు చాలావాటిలో ఉండేదీ హైడ్రోక్లోరిక్ ఆసిడే. బ్లీచింగులో వెనిగర్, నిమ్మరసం కలిపినా అదే గ్యాస్. ఘాటు కొట్టిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి, పిల్లాణ్ని ఎత్తుకుని బయటపడు. నీళ్లు పోసి సరిచేద్దామని లోపల నిలబడకు.

కూల్‌డ్రింక్ సీసాల్లో లూజుగా అమ్మే ఆసిడ్ అసలు గడప దాటనివ్వకు. పొరపాటున ఎవరైనా తాగితే కక్కించొద్దు. దిగేటప్పుడు కాల్చిందే పైకొచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నోరు కడిగి 108కి ఫోన్ చేయి, లేదా నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపో. ఆ సీసా కూడా వెంట ఉండాలి.

హాల్లో షాబాద్ బండలున్నాయన్నావు కదా, వాటి మీద నిమ్మ, వెనిగర్ కూడా వద్దు. అవి సున్నపురాయి. పులుపు తగిలిన చోట మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది, తర్వాత ఎంత రుద్దినా రాదు. ఇంట్లో దొరికేవి కాబట్టి ఏం కాదులే అనుకోవద్దు. బండలకు గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. అదే పులుపు నల్లాలకు పనికొస్తుంది. బోరు నీళ్లకు వాటి మీద కట్టే తెల్ల పొర కూడా సున్నం లాంటిదే. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి, పాత బ్రష్‌తో తోముతే ఊడి వస్తుంది. కింద బండ మీద కారకుండా గిన్నె పెట్టుకో.

స్టవ్వు జిడ్డుకు వంట సోడా తడిపి రాసి కాసేపు ఆగు, తర్వాత తుడువు. అల్యూమినియం గిన్నెలకు మాత్రం సోడా తగలనివ్వకు, నల్లబడతాయి. సోడాలో వెనిగర్ పోస్తే బుస్సున పొంగుతుంది, ఫోన్లో చూసి అదేదో గొప్ప మందు అనుకుంటున్నారు. పొంగడం అయిపోయాక మిగిలేది ఒక రకం లవణం కలిసిన నీళ్లే. రెండూ విడివిడిగానే పనిచేస్తాయి.

అత్తమ్మ ఇచ్చిన పెంబర్తి ఇత్తడి దీపాలకు చింతపండు గుజ్జు రాసి మెత్తటి గుడ్డతో రుద్దు, వెంటనే కడిగి పొడిగా తుడువు. తడి ఉంటే మళ్లీ మచ్చలొస్తాయి. స్టీలు పీచు తగిలిందో, చెక్కిన పనంతా గీతలే.

కలరా ఉండలు కూడా కొట్టేశాను. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. పుట్టుకతో వచ్చే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకైతే వాటి వల్ల ఎర్రకణాలు విరిగి రక్తం తగ్గిపోతుంది. బట్టలు బాగా ఎండబెట్టి మడిచిపెట్టు.

బ్లీచింగ్ మొత్తానికే వద్దనడం లేదు. 2023 జులై వానలకు వరంగల్ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయే, అలాంటప్పుడు అది కావాల్సిందే. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడూ అంతే. ముందు మురికి తీసేసి సబ్బుతో కడుగు. తర్వాత 5 శాతం బ్లీచ్ ద్రావణమైతే లీటరు చల్లటి నీళ్లకు నాలుగు టీ చెంచాలు కలిపి, రాసి, పది నిమిషాలాగి కడుగు. కిటికీ తెరిచి పెట్టు. కలిపింది మర్నాటికి దాచకు, బలం పోతుంది.

నీ లిస్టులో లేనిది ఒక్కటే చేర్చాను, రబ్బరు గ్లోవ్స్. కుంకుడుకాయలు కొనకు, శనివారం మీ పెదనాన్న వస్తూ తెస్తాడు.

మీ పెద్దమ్మ