ప్యాడ్లు మార్చాక పెడల్ మెత్తబడితే

ప్రశ్న: మా కారు కొని తొమ్మిదేళ్లయింది. ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉన్నాయి. ఇటీవల ముందు ప్యాడ్లు మార్పించాను. అప్పటినుంచి పెడల్ మొదటిసారి నొక్కితే సగానికి పైగా లోపలికి వెళుతోంది. వెంటవెంటనే రెండు మూడుసార్లు నొక్కితే పైకి వచ్చి గట్టిపడుతోంది. ప్యాడ్లు సెట్ అయ్యేదాకా ఇంతేనని, 200 కిలోమీటర్లు నడిపితే సర్దుకుంటుందని మెకానిక్ అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: నమ్మవద్దు, బండిని రోడ్డు మీదికి తీయవద్దు. కొత్త ప్యాడ్లు డిస్కుకు పూర్తిగా ఒదిగేవరకు బ్రేక్ పట్టు కాస్త తక్కువగా ఉండటం, పెడల్ కొద్దిగా మెత్తగా అనిపించడం సహజమే కానీ, పెడల్ సగానికి పైగా దిగడానికి అది కారణం కాదు. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక వాటికి చోటు చేయడానికి, ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నెడతారు. అది తిరిగి ముందుకు రావడానికి పని ముగియగానే పెడల్‌ను కొన్నిసార్లు నొక్కాలి. ఆ తరువాత ప్రతిసారీ మొదటి నొక్కుకే పెడల్ గట్టిగా నిలవాలి.

పని జరిగేటప్పుడు బ్లీడర్ నిపుల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) విప్పారా, ఆయిల్ హోస్ ఊడదీశారా అని ముందుగా మెకానిక్‌ను అడగండి. పిస్టన్‌ను నెట్టేటప్పుడు పాత బ్రేక్ ఆయిల్ పైకి పోకుండా నిపుల్ విప్పడం మంచి పద్ధతే. అయితే దాన్ని బిగించడంలో ఆలస్యమైనా, పైనున్న బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మరీ తగ్గినా గాలి చొరబడుతుంది. ఆయిల్‌లా కాక గాలి నొక్కితే కుదించుకుపోతుంది కనుక, పెడల్ పైకి వచ్చాక కూడా పాదం కింద స్పంజిలా ఆడుతుంది. అలా ఉంటే గాలి తీయించడమే మందు. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ కారు మాన్యువల్ ప్రకారమే చేయించండి. బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే కొన్ని కార్లలో స్కానర్ కూడా అవసరమవుతుంది.

పెడల్ పైకి వచ్చాక రాయిలా గట్టిగా ఉండి, కాసేపు వదిలి నొక్కితే మళ్లీ దిగుతున్నదంటే గాలి కంటే ప్యాడ్లకు, డిస్కుకు మధ్య లేదా వెనుక డ్రమ్ముల్లో పెరిగిన ఎడం మీదే అనుమానం ఎక్కువ. ముందు చక్రాలు విప్పించి, ప్యాడ్ చెవులు బ్రాకెట్ గాడిలో సరిగా కూర్చున్నాయా, పాత షిమ్ (ప్యాడ్ వెనుక ఉండే పలుచని రేకు) అతుక్కుని ఉండగానే దానిపై కొత్తది వేశారా, క్యాలిపర్ అటూ ఇటూ జరిగేందుకు ఉండే స్లైడ్ పిన్నులు చేత్తో కదిపితే జారుతున్నాయా అన్నది చూడాలి. చాలాచోట్ల పిన్నులు శుభ్రం చేయకుండానే ప్యాడ్లు మార్చేస్తారు, ఎందుకంటే అది కనబడని పని. వెనుక డ్రమ్ముకు, లోపలి నుంచి దాన్ని అదిమే షూలకు మధ్య ఎడం పెరిగినా పెడల్ కిందికే వెళుతుంది. హ్యాండ్‌బ్రేక్‌ను రెండు మూడు పళ్లు లాగి ఉంచి పెడల్ నొక్కి చూడండి. అప్పుడు పెడల్ స్పష్టంగా పైన నిలిస్తే వెనుక షూలను సరిచేయించాలి.

మరొక పరీక్ష కూడా చేయండి. బండి నిలిపి, ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు నొక్కి గట్టిపరచి, ఆపై అర నిమిషం బలంగా అదిమి ఉంచండి. పెడల్ నెమ్మదిగా కిందికి జారితే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయాయి. పాత బండిలో గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కితే, ఎన్నడూ వెళ్లని తుప్పు భాగం మీదుగా సీళ్లు జరిగి చిరిగే అవకాశముంది. (పెడల్ తొక్కి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే అది కొద్దిగా దిగుతుంది, అది పాదం బలాన్ని పెంచే బూస్టర్ పని, లోపం కాదు.)

ఆయిల్ విషయానికి వస్తే, డబ్బా మూత మీద డాట్ 3 లేదా డాట్ 4 అని ఉన్నదే పోయించండి. ఇవి తేమను పీల్చుకుంటాయి: డాట్ 4 మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ చేరాక 155 డిగ్రీలు. ఇంజన్ ఆయిల్ చుక్క కూడా పడనివ్వకండి, రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి. అది కుదరకపోతే బండిని టోయింగ్ వాహనం మీద పంపండి.